పిల్లలతో దయ్యముల చిత్రము చూచునపుడు

మా కేంద్రమునకు వచ్చు ఉత్తరములలో పాట కోరునవి హెచ్చు, ప్రశ్న అడుగునవి తక్కువ. గతమాసమున వచ్చిన ఒక ప్రశ్న మాత్రము మమ్ము చాలాసేపు ఆలోచింపజేసినది. వ్రాసినవారు గుంటూరు జిల్లాలో చిరకాలము ఉపాధ్యాయినిగా పనిచేసి విశ్రాంతి తీసికొనుచున్న ఒక పెద్దావిడ. వారి కుమారుడు అమెరికాలో, టెక్సాసు రాష్ట్రమున డాలసు నగరమునకు సమీపమున కాపురమున్నాడు. ఈ అక్టోబరు మొదటి వారమున వారు అక్కడకు ప్రయాణమగుచున్నారు. ఆ నెల 31వ తేదీ రాత్రి అక్కడ హాలోవీన్ అను దయ్యముల పండుగ. పిల్లలు వేషములు వేసికొని వీధి తిరిగి వచ్చిన పిమ్మట ఇంట కూర్చుండి ఒక దయ్యముల చిత్రము చూచుట ఆ యింట ఆనవాయితీ. కొడుకు, కోడలు వాకిట నిలిచి వచ్చినవారికి మిఠాయిలు పంచుచుందురు గనుక పిల్లలకడ కూర్చుండవలసినది నాయనమ్మయే.

మనుమనికి పదేండ్లు, మనుమరాలికి ఐదు. ఇంతవరకు ఇది చిన్న విషయమే. కాని ఉత్తరములో ఇంకొక వాక్యము కలదు. నిరుడు తాతగారు కాలము చేసినది మొదలు ఆ చిన్నపిల్ల చీకటి గదిలోనికి ఒంటరిగా పోవుట లేదు. అట్టి బిడ్డ ముందు దయ్యముల చిత్రము పెట్టవచ్చునా, వలదని కట్టివేయవలెనా, పెట్టినచో ఏది పెట్టవలెను అని వారి ప్రశ్న. ఇట్టి సందేహము అమెరికాలో బిడ్డలున్న మరికొన్ని యిండ్లలోను ఉండవచ్చునని తోచి, ఈనాటి ప్రసంగమును దీనికే కేటాయించితిమి.

హాలోవీన్ పుట్టుకచే అమెరికా పండుగ కాదు. ఐర్లండు, స్కాట్లండు ప్రాంతములలో ప్రాచీన కెల్టు జాతివారు, పంటలకాలము ముగిసి చలికాలము ప్రవేశించు వేళ 'సావిన్' అను ఉత్సవము జరుపుకొనెడివారు. ఆ రాత్రి చనిపోయినవారి లోకమునకును బ్రదికియున్నవారి లోకమునకును నడుమ నున్న తలుపు తెరచుకొనునని నమ్మకము. తరువాత క్రైస్తవులు నవంబరు 1వ తేదీని సకల పరిశుద్ధుల దినముగా పాటించుటతో, దాని ముందటి రాత్రికి ఈ పాత నమ్మకములు వచ్చి చేరినవి. 19వ శతాబ్దమున ఐర్లండునుండి వలసపోయినవారు దీనిని అమెరికాకు వెంట తీసికొనిపోయిరి. స్వదేశమున వారు టర్నిప్ దుంపను తొలిచి, కన్నులు నోరు చెక్కి, లోపల దీపము పెట్టెడివారు. కొత్త దేశమున అంతకంటె పెద్దదియు, తొలుచుటకు సులువైనదియు నగు గుమ్మడికాయ దొరికినది.

కోరలు, మీసములు చిత్రించిన బూడిదగుమ్మడికాయను దిష్టికై ఇంటిముందు వ్రేలాడదీయుట ఆ పెద్దావిడ ఎరుగనిది కాదు. పిల్లలు ఇల్లిల్లు తిరిగి మిఠాయి అడుగుటయు మనకు వింత కాదు. దసరా రోజులలో పంతులుగారి వెంట విల్లంబులు పట్టుకొని పద్యములు పాడుచు పప్పుబెల్లములకు తిరిగిన తరమువారు మన యిండ్లలో ఇంకను ఉన్నారు. 2024లో దీపావళియు అక్టోబరు 31వ తేదీననే వచ్చినది. ఆ సాయంకాలము అమెరికాలోని తెలుగువారి వాకిళ్లలో ప్రమిదలును గుమ్మడికాయ దీపములును ప్రక్కప్రక్కన వెలిగియుండును. కనుక పండుగను చూచి బెదరనక్కరలేదు. ఆలోచింపవలసినది చిత్రమును గూర్చియే.

పిల్లలకు భయము కలిగించునదేదియు వలదని కొందరు పెద్దలందురు. మేము ఆ పక్షము కాము. ‘చందమామ’ పత్రికలో విక్రమార్కుడు నెలనెల శవమును భుజముపై వేసికొని శ్మశానమునుండి నడిచినాడు. బేతాళుడు నెలనెల ఎగిరిపోయి చెట్టెక్కినాడు. ఆ కథలు చదివిన పిల్లలు తరువాతి సంచికకై తపాలా బంట్రోతుకు ఎదురుచూచిరే గాని పత్రికను దాచివేయలేదు. భయమును కొద్దికొద్దిగా రుచిచూచి, దానిని దాటి, ఆవలి ఒడ్డున నిలిచి నవ్వుట పిల్లలకు ఇష్టమైన ఆటలలో ఒకటి. దోబూచులాట మొదలు అన్నియు అట్టివే.

అయినను కథకును చిత్రమునకును ఒక భేదము కలదు. కథ చెప్పు నాయనమ్మ బిడ్డ ముఖము చూచుచు చెప్పును. కన్నులు మరీ పెద్దవైనచో రాక్షసుని కోరలు రెండంగుళములు తగ్గించును. బిడ్డ ఆవులించినచో అవే కోరలు పెంచును. ఏడుపు రానున్నదని తోచినచో రాజకుమారుడు పది క్షణములు ముందుగానే వచ్చి తీరును. చలనచిత్రము అట్లు కాదు. అది బిడ్డ ముఖమును చూడదు. దర్శకుడు ఎక్కడనో, ఎప్పుడో కత్తిరించి అతికించిన వేగముతోనే అది నడచును. ఎదుట ఉన్నది పదేండ్ల బాలుడో, తాతను పోగొట్టుకొన్న ఐదేండ్ల పసిదియో దానికి తెలియదు. చిత్రము చేయజాలని ఆ పనిని ప్రక్కన కూర్చున్నవారు చేయవలెను.

ఈ మాట చెప్పుటకు రేడియోవారమైన మాకు కొంత అధికారము, కొంత సిగ్గు రెండును కలవు. మేమును శ్రోత ముఖమును చూడము. 1938వ సంవత్సరము అక్టోబరు 30వ తేదీ, అనగా సరిగా హాలోవీన్ ముందురోజు రాత్రి, అమెరికాలో కొలంబియా రేడియో వ్యవస్థ ఒక నాటకము ప్రసారము చేసినది. హెచ్.జి. వెల్స్ వ్రాసిన నవలను, అంగారకగ్రహవాసులు న్యూజెర్సీ రాష్ట్రమునందలి గ్రోవర్స్ మిల్ అను పల్లెలో దిగినట్లుగా మార్చి, సంగీతము నడుమ అత్యవసర వార్తలు చదువుచున్నట్లు నడపినారు. ప్రధానపాత్రధారి ఆర్సన్ వెల్స్‌కు అప్పుడు 23 ఏండ్లు. కొందరు శ్రోతలు దానిని నిజమైన వార్తయే అనుకొని కలవరపడిరి. దేశమంతయు వీధులపాలయినదని మరునాడు పత్రికలు వ్రాసినది అతిశయోక్తియేనని తరువాతి పరిశోధకులు తేల్చినారు. కాని కొన్ని యిండ్లలో గుండెలు దడదడలాడిన మాట నిజము. ప్రసారము చివర వెల్స్ స్వయముగా, ఇది హాలోవీన్ వేడుకకై మేము చేసిన అల్లరి మాత్రమే అని శ్రోతలకు నచ్చజెప్పవలసివచ్చినది. మధ్యలో రేడియో పెట్టినవారికి అది నాటకమని చెప్పు మనిషి ఇంట లేకపోయెను. చిక్కంతయు అక్కడనే వచ్చినది.

ఆ నాటకమున బొమ్మ ఒక్కటియు లేదు. ఉన్నది శబ్దము మాత్రమే. ఇది మా వృత్తివారికి తెలిసిన గుట్టు: భయము మొదట చెవినుండి లోనికి పోవును. కంటికి రెప్ప యున్నది, చెవికి లేదు. చీకటి మేడమెట్లమీద ఒక పిల్ల దీపము పట్టుకొని ఎక్కుచున్న దృశ్యమును ధ్వని తీసివేసి చూడుడు. ఒక పిల్ల మెట్లెక్కుచున్నది, అంతే. దానికి వయొలిన్ తీగపై సన్నని కోతను, ఎక్కడనో తలుపు కిర్రుమనుటను చేర్చుడు. వెన్ను జలదరించును. కనుక ఆ పెద్దావిడకు మేము చెప్పు మొదటి సలహా చిత్రము పేరు కాదు. ధ్వని తగ్గించు మీట ఎక్కడ ఉన్నదో ముందుగా మనుమనిచేత చూపించుకొనవలెను. బిడ్డ చెవులు మూసికొనకముందే ఆ మీట నొక్కవలెను.

ఇక వయస్సు సంగతి. పదేండ్ల వానికిని ఐదేండ్ల దానికిని భయము వేరువేరు ద్వారములనుండి వచ్చును. అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమునకు చెందిన జోవాన్ కాంటర్ అను పండితురాలు పిల్లలు తెరను చూచి భయపడు తీరును చాలాకాలము పరిశోధించినారు. 1980ల నాటి వారి పరిశీలనలలో ఒకటి ముచ్చటైనది. ‘ఇన్‌క్రెడిబుల్ హల్క్’ అను టెలివిజన్ ధారావాహికలో ఒక సౌమ్యుడైన శాస్త్రజ్ఞుడు కోపము వచ్చినపుడు ఆకుపచ్చని మహాకాయుడగును. ఆ మహాకాయుడు దుష్టుడు కాడు, కష్టములో ఉన్నవారిని రక్షించువాడే. పెద్దపిల్లలు శాస్త్రజ్ఞునికి ఆపద వచ్చినపుడు భయపడి, అతడు మహాకాయుడు కాగానే ఊపిరి పీల్చుకొనిరి. బడికి పోవు వయస్సురాని పసివాండ్రు మాత్రము ఆ రూపము మారునపుడే హడలిపోయిరి. వాడు మంచివాడని చెప్పినను వారికి పనికిరాలేదు. రూపము వికారముగా ఉన్నది, అంతే చాలును.

దీనినిబట్టి చిన్నపిల్లకు కనబడునది ముఖ్యము, పెద్దవానికి జరుగగలది ముఖ్యము. ఐదేండ్ల పసిది కోరలను చూచి ఏడ్చును. పదేండ్ల వాడు కోరలను చూచి నవ్వి, ఆ చిత్రములోనే తల్లి తప్పిపోయిన ఘట్టమునకు రాత్రి నిద్రపోడు. ఓదార్చు విధమును అట్లే మారును. పెద్దవానికి కారణము చెప్పిన చాలును. చిన్నదానికి కారణములు చెప్పి లాభము లేదు. ఒడిలోనికి తీసికొనవలెను, త్రాగుటకేమైన ఈయవలెను, దుప్పటి కప్పవలెను.

బొమ్మల చిత్రమైనచో భయము లేదని పెద్దలు సాధారణముగా నమ్మెదరు. 1937లో వాల్ట్ డిస్నీ ‘స్నో వైట్’ చిత్రము వెలువరించినపుడు బ్రిటనులో తనిఖీ మండలి దానికి పెద్దల తోడు కావలెనను పత్రమునే ఇచ్చినది. అనగా పదునారేండ్ల లోపువారు పెద్దవారు వెంట లేక ఆ బొమ్మ చూడరాదు. రాణి మంత్రగత్తె ముసలిగా మారు ఘట్టమును చూచినవారికి అది మరీ అన్యాయమని తోచదు. ఇక్కడను రూపము మారుటయే.

తనిఖీ పత్రములు కొంతవరకే తోడ్పడును. అమెరికాలో 1968 నవంబరు మొదలు చిత్రములకు అక్షరముల గుర్తు వేయుచున్నారు. ‘జి’ అనగా ఎల్లవారును చూడదగినది. ‘పీజీ’ అనగా తలిదండ్రులు విచారించి చూపదగినది. 1984లో ‘గ్రెమ్లిన్స్’, ‘ఇండియానా జోన్స్ అండ్ ది టెంపుల్ ఆఫ్ డూమ్’ అను రెండు చిత్రములను పిల్లలకు చూపి నొచ్చుకొన్న తలిదండ్రుల గోలవలన, పదమూడేండ్ల లోపువారి విషయమున గట్టి హెచ్చరికగా ‘పీజీ 13’ అను గుర్తును ఆ యేడే చేర్చినారు. మన దేశమునను 2024 నిబంధనలతో ఏడు, పదమూడు, పదునారు ఏండ్ల మెట్లు వచ్చినవి. ఇవి కొట్లాట ఎంత, రక్తమెంత, దుర్భాష ఎంత అను లెక్క చెప్పును. తాత పోయిన ఇంట ఆ బిడ్డకు చీకటి ఏమై తోచుచున్నదో ఏ మండలియు లెక్కగట్టలేదు.

ఈ పాఠమును మేము తేలికగా నేర్చుకొనలేదు. కొన్నేండ్ల క్రిందట మా సోదరి కుమార్తెకు ఆరేండ్లప్పుడు ‘కోరలైన్’ అను 2009 నాటి చిత్రమును మేమే ఎంచి చూపితిమి. నీల్ గైమన్ నవలను హెన్రీ సెలిక్ చిన్న బొమ్మలను చేతితో కదిలించి కదిలించి తీసినాడు. కొత్త యింట ఒక బాలికకు చిన్న తలుపు కనబడును. ఆవల అచ్చముగా తన యిల్లువంటి ఇల్లు, తన తల్లివంటి తల్లి, మరింత ముద్దుచేయు తల్లి. ఆమె కన్నుల స్థానమున గుండీలుండును. నీ కన్నులకును గుండీలు కుట్టనిచ్చినచో ఇక్కడనే ఉండవచ్చునని ఆమె ప్రేమతో అడుగును. చిత్రము గొప్పది. దానిమీద ఉన్న గుర్తు ‘పీజీ’ మాత్రమే. బొమ్మల పనితనమునకు ముగ్ధులమై మేము తెరవైపే చూచుచుంటిమి. ప్రక్కన పిల్ల దిండును కౌగిలించుకొని బిగిసిపోయినదని దీపము వేసినపుడు గాని చూడలేదు. మరునాటినుండి మూడు వారములు ఆ పిల్ల గుండీలున్న గౌను తొడుగుకొనలేదు. “అన్నయ్యా, నీ సినిమా పుణ్యమా అని ఇంట్లో బట్టలన్నిటికీ హుక్కులు కుట్టిస్తున్నాను” అని మా సోదరి టెలిఫోనులో అనినది. నవ్వుచునే అనినది గాని, మాకు నవ్వు రాలేదు.

ఆ పెద్దావిడ ప్రశ్నకు వత్తము. ఇద్దరికి ఒకే చిత్రమనుట మొదటి పొరపాటు. చిన్నదానికి ముందు, పెద్దవానికి తరువాత.

చిన్నదానికి మేము ఎంచునది ‘ఇట్స్ ది గ్రేట్ పంప్‌కిన్, చార్లీ బ్రౌన్’. 1966 అక్టోబరు 27న అమెరికా టెలివిజన్‌లో తొలిసారి వచ్చిన ఈ చిత్రము అరగంటకు మించదు. లైనస్ అను పిల్లవాడు గుమ్మడితోటలో మహాగుమ్మడి వచ్చి బహుమతులిచ్చునని రాత్రియెల్ల కాచుకొనును. అది రాదు. చార్లీ బ్రౌన్ దుప్పటికి లెక్కకు మించిన కన్నములు కోసికొని దయ్యము వేషము వేయును. ఇంటింటను ఇతరులకు మిఠాయి దొరకగా అతని సంచిలో రాళ్లు పడును. భయము దాదాపు లేనేలేదు. తెల్లవారుజామున నాలుగింటికి, పగలెల్ల తమ్మునిమీద కసరు అక్క లేచి, తోటలో చలికి వణకుచున్న వానిని తీసికొనివచ్చి పడుకొనబెట్టును. ఒక్క మాట లేదు. చీకటిలో ఎవరో మనకై వత్తురని ఆ పసిదానికి చెప్పుటకు ఇంతకంటె మంచి దృశ్యము మాకు తెలియదు.

ఇంకొక అయిదారు నిమిషముల ముచ్చట చూపదలచినచో 1929 నాటి ‘స్కెలిటన్ డాన్స్’ కలదు. డిస్నీవారి ‘సిల్లీ సింఫనీ’ల వరుసలో ఇదియే మొదటిది. శ్మశానమునుండి నాలుగు అస్థిపంజరములు లేచి ఆడును. ఒకటి ఇంకొక దాని వెన్నెముకను కఱ్ఱల వాద్యమువలె వాయించును. కోడి కూయగానే అన్నియు తొట్రుపడి సమాధిలోనికి దూరును. కోడికూతకు పారిపోవు దయ్యములు మన పల్లెకథలలోనివే గదా. అయితే ఆరంభమున పెద్ద కన్నుల గుడ్లగూబయు, గాలి ఊళయు కలవు. అక్కడ ధ్వని తగ్గించి, ఆట మొదలైన పిదప పెంచవలెను.

నిడివిగల చిత్రము కావలెనని పిల్ల పట్టుబట్టినచో 2001 నాటి ‘మాన్‌స్టర్స్ ఇన్‌కార్పొరేటెడ్’ను తోసివేయరాదు. అల్మైరా తలుపులనుండి వచ్చి రాత్రివేళ పిల్లలను భయపెట్టు భూతములు అందు కలవు. పిల్లల కేకలే ఆ భూతముల నగరమునకు విద్యుచ్ఛక్తి. తమాషా యేమనగా, వానికి పిల్లలన్న ప్రాణభయము. ఒక పసిపాప తలుపు దాటి వారి నగరమునకు వచ్చి పడినపుడు అంతటి భూతములును పరుగులు పెట్టును. కేకకంటె నవ్వులో శక్తి పదింతలని చివర తెలియును. ఐదేండ్ల పిల్లకు ఈ తలక్రిందు లెక్క బాగుగా అర్థమగును. ఒక్క జాగ్రత్త. రంగులు మార్చుకొను బల్లివంటి దుష్టుడొకడు పాపను కుర్చీకి కట్టి కేకలు లాగివేయ యత్నించు ఘట్టము కలదు. అక్కడ నాయనమ్మ చేయి అందుబాటులో ఉండవలెను.

చిన్నది నిద్రపోయిన తరువాత పదేండ్ల వానికి ‘ది లెజెండ్ ఆఫ్ స్లీపీ హాలో’. వాషింగ్టన్ ఇర్వింగ్ 1820లో ప్రకటించిన కథకు డిస్నీవారు 1949లో ఇచ్చిన అరగంట రూపమిది. ఇకబాడ్ క్రేన్ అను బడిపంతులు (ఉత్తరము వ్రాసినవారికి ఇది మరింత రుచించును) హాలోవీన్ విందులో తలలేని గుఱ్ఱపు రౌతు కథ విని, అర్ధరాత్రి ఒంటరిగా ఇంటికి బయలుదేరును. దారిలో కప్పలు అతని పేరు పిలుచుచున్నట్లుండును. వెనుక గుఱ్ఱపు డెక్కల చప్పుడు వినబడును. వెదకి చూడగా గాలికి రెల్లు కంకులు దుంగను కొట్టుకొనుచున్నవి! బ్రదికితిమని పగలబడి నవ్వును. ఆ నవ్వు ముగియకముందే నిజమైన రౌతు వచ్చును. మా వృత్తివారు నిలిచి నమస్కరింపవలసిన ఘట్టమిది, ఏలయన భయమంతయు చప్పుళ్లతోనే అల్లినారు. పదేండ్ల వానితో, ఆ చప్పుడు ఎట్లు పుట్టించియుందురని పందెము వేయుడు. మేము స్టూడియోలో ఖాళీ కొబ్బరిచిప్పలతో గుఱ్ఱమును నడిపించినవారమే. వంటింటినుండి రెండు చిప్పలు తెచ్చి వానిచేత కొట్టించినచో, రౌతునకు భయపడుటకు వానికి తీరిక ఉండదు. పంతులు ఏమయ్యెనో కథ తేల్చదు. అది కొందరు పిల్లలకు చిరాకు. మనుమడు అడిగినచో, దూరపు ఊరిలో పెండ్లి చేసికొని సుఖముగా ఉన్నాడని చెప్పుకొందురను పుకారును ధైర్యముగా చెప్పవచ్చును.

ఇంకొక చిత్రము కలదు. దానిని ఆ రాత్రికి కాక వేరొక రోజు పట్టపగటికి దాచవలెనని మా అభిప్రాయము. 2017లో వచ్చిన ‘కోకో’. ఇది హాలోవీన్ చిత్రము కాదు. మెక్సికో దేశస్థులు నవంబరు 1, 2 తేదీలలో చనిపోయినవారిని తలచుకొను పండుగ కథ. ఇంటిలో ఒక పీటము అలంకరించి పోయినవారి పటములు పెట్టుదురు, వారికి ప్రీతియైన పదార్థములుంచుదురు, బంతిపూలు చల్లుదురు. మహాలయపక్షము ఎరిగిన నాయనమ్మకు దీనిని ఎవరును విప్పిచెప్పనక్కరలేదు. మనము గుమ్మములకు తోరణము కట్టు బంతిపువ్వునకు పుట్టినిల్లు మెక్సికోయే యని తెలిసినచో ఆమె మరింత సంతోషింపవచ్చును. పండ్రెండేండ్ల మిగెల్ బంతిరేకుల వంతెనపై నడచి పితరుల లోకమునకు పోవును. అక్కడ అందరును అస్థిపంజరములే, ఐనను కబుర్లాడుదురు, పాడుదురు, మనుమనికై తల్లడిల్లుదురు. బ్రదికియున్నవారిలో తలచువారు ఒక్కరును మిగులకపోయినచో మాత్రము అక్కడను మాయమగుదురు.

తాత పోయిన యింట ఈ చిత్రము ఓదార్పు కావచ్చును, గాయమును రేపవచ్చును. విషము పెట్టి చంపిన సంగతియు కథలో కలదు. అందుచేత పెద్దావిడ ముందుగా ఒంటరిగా చూచుట మేలు. కన్నీరు వచ్చునేమో, రానిచ్చి, తరువాత నిర్ణయింపవలెను. పిల్లలతో చూచునపుడు, “నాయనమ్మా, నువ్వు కూడా చచ్చిపోతావా?” అను ప్రశ్న వచ్చి తీరును. ఐదేండ్ల పిల్ల ఈ ప్రశ్నను చిత్రము నడుచుచుండగానే, నోటిలో మిఠాయి ఉండగానే అడుగును. దానికి అబద్ధము చెప్పవద్దని మనవి. ఎప్పుడో పోదును, ఇప్పుడు మాత్రము నీ దగ్గరనే ఉన్నాను అనవచ్చును. చిత్రమును ఆపివేసి, తాత పటము దగ్గరకు పోయి, తాతకు ఇష్టమైన తినుబండారమేదో ఆ పిల్లనే అడుగవచ్చును. చీకటిగదిలో దాని భయము దేనిని గూర్చియో అప్పుడు బయటపడవచ్చును. తాత చీకటిలోనికి పోయినాడని ఎవరో అనియుండవచ్చును, నిద్రపోవుచున్నాడని అనియుండవచ్చును. పెద్దలు తప్పించుకొనుటకు అన్న మాటలు పిల్లల చెవులలో ఎన్నాళ్లుండునో మనకు తెలియదు.

ఈ సందర్భమున ఒక చిన్న కోపము వెళ్లబుచ్చుకొందుము. విదేశీ చిత్రములు పిల్లలను పాడుచేయునని విసుగుకొను మన పెద్దలే, అన్నము తినని బిడ్డతో “అదిగో బూచాడు వస్తున్నాడు” అందురు. ఆ బూచాడు ఏ తనిఖీ మండలి అనుమతియు లేక, రోజుకు మూడు పూటల, సరిగా తినుబండారము నోటికి వచ్చు వేళకు ప్రదర్శింపబడుచున్నాడు. చిత్రమునకైన ముగింపు కలదు, వీనికి లేదు. అక్టోబరులో ఏ చిత్రము చూపిననను సరే, ఆ నెలకు బూచానికి సెలవు ఇప్పింపుడు.

కూర్చుండు తీరును గూర్చి కొంత చెప్పవలెను. పిల్లల వెనుక కాదు, ప్రక్కన, వారి ముఖము కనబడునట్లు కూర్చుండవలెను. గదిలో ఒక దీపము వెలుగనీయవలెను. లేచిపోవుటకు స్వేచ్ఛ ఉండవలెను, లేచినవారిని పిరికివారనరాదు. ముఖ్యముగా అన్న అనరాదు. పదేండ్ల వీరులకు ఇది ముందుగానే చెప్పి మాట తీసికొనవలెను. మరీ భయపడినపుడు చటుక్కున కట్టివేసి, పండుకొమ్మని పంపుట మంచిది కాదు. భూతము గెలిచినచోటనే కథ ఆగిపోవును, బిడ్డ ఆ భూతముతోనే పడకకు పోవును. ఒక నిమిషము ఆపి, తరువాత ఏమగునో నోటితో చెప్పి, ఇష్టమైనచో ధ్వని లేకుండ చివరి భాగము చూపి, పిమ్మట దీపము పెంచవలెను. ఉపాధ్యాయినిగా పనిచేసినవారికి ఇవి కొత్తవి కావు. తరగతిలో ఏ పిల్లవాడు మాట మానివేసినాడో గమనించిన కన్నే ఇక్కడను కావలసినది.

ఉత్తరము చివర, అంచున, వారు ఇంకొకటి అడిగినారు. ‘మాయాబజార్’ చూపవచ్చునా అని. తప్పక చూపవచ్చును. 1957 నాటి ఆ చిత్రమునకు 2010లో రంగులద్దిన ప్రతియు కలదు, ఆకాలపు నలుపుతెలుపులను చూచి ముఖము త్రిప్పుకొను పిల్లలకు అది పనికివచ్చును. చూచుటకు వికారుడు, మనస్సునకు పసివాడు అగు రాక్షసుని ఎస్.వి. రంగారావుగారు చూపినట్లు హాలీవుడ్ భూతములలో ఎవరు చూపినారో మాకు తోచుట లేదు. అదే రంగారావుగారు 1951లో ‘పాతాళభైరవి’లో నేపాళ మాంత్రికుడు. ఆ మాంత్రికుడును ఈ ఘటోత్కచుడును ఒకే తాతగారని చెప్పి, రెండు ముఖములను ప్రక్కప్రక్కన చూపినచో, వేషమనగా నేమో చిన్నది తానే కనిపెట్టును. అప్పటికే ఆ పిల్ల స్వయముగా వేషము వేసికొని వీధి తిరిగి వచ్చియుండును గదా.

అయితే చిత్రము మూడు గంటలకు పైబడినది. ఆరంభమునుండి చూపినచో ఘటోత్కచుడు వచ్చులోగా పిల్లలు నిద్రపోవుదురు. అతడు శశిరేఖ రూపము తాల్చి, సావిత్రిగారి సుకుమారమైన మేనిలోనుండి రాక్షసుని నడకతో నడచు ఘట్టమునుండి మొదలుపెట్టి, పెండ్లి భోజనము వరకు చూపిన చాలును. ‘స్నో వైట్’ రాణివలె ఇక్కడను రూపము మారుచున్నది. కాని ఇక్కడ పిల్లలు నవ్వుదురు. ఒకవేళ చిన్నది నవ్వకపోయినచో ధ్వని తగ్గించు మీట ఎక్కడ ఉన్నదో నాయనమ్మకు తెలిసియే ఉండును.